చార్జింగ్ పెట్టిన బ్యాటరీకి చెద్దరు కప్పకుండ్రి

ఈసారి కరెంటు బండి గురించి రాస్తున్న. బండి లేనోళ్లు కూడ చదువుండ్రి, ఎందుకంటే ఇది బండి కన్నా ఎక్కువ ఇంటి సంగతి. జర పొడుగైతది, ఓపిక పట్టుండ్రి.

మొన్న ఆదివారం పొద్దున ఆరు కొట్టక ముందే మా వాడకట్టుల చలిమంట కాడ ఐదారుగురం కూసున్నం. మన ఆదిలాబాద్ దిక్కు చలి గురించి మీకు చెప్పేదేమున్నది. డిసెంబర్ వచ్చిందంటే సిర్పూర్(యు), గిన్నెదరి పేర్లు పేపర్లకెక్కుతయి. ఐదారు డిగ్రీలకు పడిపోయే రోజులు కూడ ఉంటయి. ఆ చలిల నాకు కొడుకు వరుసయ్యే పిల్లగాడొకడు తన స్కూటర్ బ్యాటరీ విప్పి చేతుల పట్టుకొని వచ్చిండు. తెచ్చి మంటకు మూరెడు దూరంల పెట్టిండు.

"ఏందిరా అది?" అంటే, "కాకా, చలికి బ్యాటరీ గట్టిపడ్డది. రాత్రి నిండ చార్జింగ్ పెట్టిన, పొద్దుగాల చూస్తె కిలోమీటర్లు తక్కువ చూపిస్తున్నది. జర వెచ్చగ చేద్దామని" అన్నడు.

ముందు ఆ బ్యాటరీని అక్కడి నుంచి తీయించిన. తర్వాత అనుమానమొచ్చి రాత్రి చార్జింగ్ ఏడ పెట్టినవని అడిగిన. "అర్రలనే కాకా. బయట చలి కదా, పైన చెద్దరు గూడ కప్పిన" అన్నడు. పోయి చూసిన. అర్రల నిలువెత్తు పత్తి కుప్ప. కుప్పకు ఆనుకొని చార్జర్, దాని పక్కన స్టూలు మీద బ్యాటరీ, వాటి మీద పాత చెద్దరు. అదే అర్రకు ఇవతల దర్వాజ పక్కన ఇద్దరు పిల్లలు పండుకున్నరు.

ఆ పొద్దంత నాకు మనసున పట్టలే. అందుకే ఇది రాస్తున్న.

ఆ పిల్లగాడు తెలివి తక్కువోడేం కాదు. ఫోన్‌ల వీడియో చూసి చేసిండు. చలికాలంల బ్యాటరీ ఇంట్లకు తెచ్చుకోవాలె, వెచ్చగ ఉంచాలె, వెచ్చని చోటనే చార్జింగ్ పెట్టాలె అని ఆ వీడియోల చెప్పిండ్రట. అది అబద్ధం కాదు. కాని చెప్పినోళ్లు ఉండేది మంచు కురిసే దేశంల. అక్కడ రాత్రి బయట సున్నాకు కింద పది, పదిహేను డిగ్రీలుంటది. వాళ్ల ఇంట్ల పత్తి కుప్ప ఉండది. మన ఇంట్ల జనవరి దాకా పత్తే ఉంటది. సీసీఐ వాళ్లకు తేమ 12 శాతం దాటొద్దు, 8 ఉంటెనే పూర తీరు ధర. మంచుకు పత్తి మెత్తబడుతదని కల్లంల పెట్టం, అర్రల పోస్తం. పైన స్లాట్ దొరికేదాక ఆగాలె. అంటే చలి ఎక్కువున్న రోజులల్లనే మన ఇండ్లు పత్తితోని నిండి ఉంటయి. వాళ్ల సలహా తెచ్చి మన అర్రల పెడితె ఏమైతదో మీరే ఆలోచన చేయుండ్రి.

నా మాట ఒక్కటే. మన చలి బ్యాటరీని చంపది. చలికి భయపడి మనం చేసే పనులు బ్యాటరీని చంపుతయి, అదృష్టం బాగలేకుంటె ఇంటిని కూడ కాలుస్తయి.

చలికి బ్యాటరీల ఏమైతదో నాకు తెలిసినంత చెప్త. కొబ్బరినూనె సీసను చూడుండ్రి. ఎండకాలంల నీళ్ల లెక్క పారుతది, పుష్యమాసంల గడ్డకట్టి బయటికి రాదు. నూనె ఎటన్న పోయిందా? పోలేదు, సీసలనే ఉన్నది. ఎండకు పెడితె మళ్ల కారుతది. బ్యాటరీ లోపల కూడ ఒక ద్రవం ఉంటది. లిథియం ఆ ద్రవంలనే ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు పోతుంటది, గట్ల పోతేనే కరెంటు వస్తది. చలికి ఆ నడక మెల్లగయితది. ద్రవం నూనె లెక్క గడ్డకట్టదు గాని, లిథియం తొందరగ ఉరుకలేదు. అందుకే ఎక్సలేటర్ గట్టిగ తిప్పంగనే ఓల్టేజి దిగుతది, మీటర్ల గీతలు పడిపోతయి. పదకొండు గంటలకు ఎండ తగిలినంక అవే గీతలు మళ్ల లేస్తయి. పోయిన కరెంటు తిరిగొచ్చిందని కాదు, అది ఎటూ పోలేదు.

నా బండి సంగతి చెప్తె, ఎండకాలంల ఒక్క చార్జింగ్‌కు 75 కిలోమీటర్ల దాక పోతది. పోయిన డిసెంబర్‌ల పొద్దున ఆరింటికి బయలెల్లి మండలానికి పోయొచ్చిన రోజులల్ల 60, 62 వచ్చింది. చలికి టైర్లల్ల గాలి కూడ తగ్గుతది, అది గూడ ఒక కారణం. గాలి పట్టిచ్చినంక రెండు మూడు కిలోమీటర్లు పెరిగింది. ఎల్ఎఫ్‌పీ అనే రకం బ్యాటరీలకు చలి ఇంకొంచెం ఎక్కువ తెలుస్తది. అవి వేరే తీర్ల గట్టివి, వేడిని బాగ తట్టుకుంటయి, కాని చలిల జర మొండికేస్తయి. మీ బండిల ఏది ఉన్నదో షోరూంల అడిగి తెలుసుకోవాలె. చెప్పకుంటె బ్యాటరీ మీది చీటి చదివిపిచ్చుకోవాలె.

కాబట్టి పొద్దుగాల గీత తగ్గిందని పరేషాన్ కావొద్దు. మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగ నడుపుండ్రి. నడుస్తుంటె బ్యాటరీ దానంతటదే లోపల వెచ్చబడుతది. రెండు పత్తి బోరాలు వేసుకొని, వెనుక మనిషిని కూసోబెట్టుకొని, చల్లటి బ్యాటరీతోని నేరుగ గుట్ట ఎక్కితె నడిమిట్ల బండి ఆగుతది. అది బండి తప్పు కాదు. ఎద్దులను కూడ కొట్టంల నుంచి ఇప్పంగనే ఉరికిస్తమా?

అసలు చలితోని నష్టమయ్యేది నడిపినప్పుడు కాదు, చార్జింగ్ పెట్టినప్పుడు. సున్నా డిగ్రీల కన్న తక్కువల లిథియం బ్యాటరీకి చార్జింగ్ ఎక్కిస్తె లిథియం లోపలికి ఇంకదు, పైపైన లోహం లెక్క పేరుకపోతది. పేరుకపోయింది మళ్ల తిరిగి రాదు. బ్యాటరీ బలం ఎప్పటికి తగ్గుతది, లోపల షార్ట్ అయ్యే ప్రమాదం కూడ ఉంటది. అందుకే మంచు దేశపోళ్లు అంత జాగ్రత్త చెప్తరు. మనకు సున్నా రాదు. కాని ఐదారు డిగ్రీల చలిల తెల్లారుజామున లేచి చార్జింగ్ పెట్టుడు కూడ మంచి పద్ధతి కాదు, మెల్లగ ఎక్కుతది, బ్యాటరీ మీద బరువు పడుతది.

దీనికి మందు చానా సులువు. సాయంత్రం బండి నడిపి ఇంటికి రాంగనే బ్యాటరీ గోరువెచ్చగ ఉంటది. అప్పుడే చార్జింగ్ పెట్టుండ్రి. మంట అవసరం లేదు, చెద్దరు అవసరం లేదు, నడిచిన వేడి చాలు. ఐదు, ఐదున్నరకు పెడితె మా చార్జర్‌తోని తొమ్మిది, తొమ్మిదిన్నరకు అయిపోతది. తిని పండుకునే ముందట ప్లగ్గు తీసేయుండ్రి. మనం మేల్కొని ఉన్నప్పుడే పని అయిపోయింది. రాత్రంత ఎవరు చూడకుండ చార్జింగ్‌ల ఉంచే బాధ తప్పుతది. నన్నడిగితె ఈ పోస్టుల ఇదొక్కటి పట్టుకున్న చాలు. ఎండకాలంల మాత్రం ఉల్టా, బండి ఆపినంక అరగంట నీడకు చల్లారనిచ్చి అప్పుడు పెట్టాలె.

ఇగ అర్ర సంగతి. చార్జింగ్ పెట్టినప్పుడు చార్జర్ వేడెక్కుతది, బ్యాటరీ కొంచెం వేడెక్కుతది. ఆ వేడి బయటికి పోవాలె. చెద్దరు కప్పితె ఆ వేడి అండ్లనే ఉంటది. దానికి తోడు మన ఇండ్లల్ల ప్లగ్గు బోర్డులు ఎట్లుంటయో తెలుసు కదా, లూజు పిన్నులు, టేపు చుట్టిన వైర్లు, ఎర్తింగ్ పేరుకే. గంటలకొద్ది కరెంటు గుంజే సామాను లూజు ప్లగ్గుకు పెడితె ఆడనే కాలుతది. చిన్న నిప్పురవ్వ చాలు. పత్తికి అంటుకున్న నిప్పు పైకి కనపడదు, కుప్ప లోపల లోపల రాజుకుంటది. జిన్నింగ్ మిల్లుల పనిచేసినోళ్లను అడుగుండ్రి, ఆర్పినమనుకున్న కుప్ప మళ్ల ఎట్ల లేస్తదో చెప్తరు.

బ్యాటరీయే అంటుకుంటె అది ఇంకో తీరు. 2022ల మార్చి, ఏప్రిల్ నెలలల్ల దేశంల స్కూటర్లు కాలిన వార్తలు మనమందరం చూసినం. అవి చలికాలంల కాదు, ఎండలు ముదిరినప్పుడు. ఆ తర్వాతనే సర్కారు ఏఐఎస్ 156 అని బ్యాటరీ పరీక్షల నిబంధనలు గట్టిగ చేసి, 2022 డిసెంబర్ నుంచి అమలుకు తెచ్చింది. కాబట్టి ఇప్పుడొచ్చే కంపెనీ బ్యాటరీలు అప్పటి లెక్క కావు. కాని తక్కువకు వస్తున్నదని బజార్ల బిగించిన బ్యాటరీ, బండిది కాని చార్జర్, విప్పి అతుకులేసిన వైరు, వీటికి ఏ పరీక్ష ఉన్నది? మా ఊర్లనే ఇద్దరు ముగ్గురు వేరే బండి చార్జర్ పిన్ను పడుతున్నది కదా అని వాడుతున్నరు. పిన్ను పట్టినంత మాత్రాన ఓల్టేజి ఒకటే కాదు.

అందుకే చార్జింగ్ అరుగు మీదనో, పంచలనో, సిమెంటు గచ్చు మీద పెట్టుండ్రి. పైన కప్పుండాలె, మంచు పడొద్దు, చుట్టు గాలి ఆడాలె. పత్తి, సొప్ప, గడ్డివాము, పెట్రోలు డబ్బా దగ్గర ఉండొద్దు. మనుషులు బయటికెల్లే దర్వాజకు అడ్డం అసలే పెట్టొద్దు. అరుగు మీద పెడితె ఎవడన్న ఎత్తుకపోతడని భయమున్నోళ్లు చార్జింగ్ అయినంక లోపల పెట్టుకోవచ్చు, పత్తి లేని అర్రల. బ్యాటరీ ఉబ్బినట్టు కనపడ్డా, ఎన్నడు లేని వాసన వచ్చినా, చెయ్యి పెట్టలేనంత కాలినా, కరెంటు బంద్ చేసి బయట ఖాళీ జాగల పెట్టి మెకానిక్కును పిలువుండ్రి. అంటుకుంటె మాత్రం ముట్టుకోవద్దు. మెయిన్ బంద్ చేసి, మనుషులను బయటికి తీసి, 101కు ఫోన్ చేయాలె.

మంచు సంగతి ఒకటి మరిచిపోయేటోన్ని. రాత్రంత బయట ఉన్న బండిని పొద్దుగాల చూస్తె సీటు మీద నీళ్లు కారుతుంటయి. ఆ తేమ చార్జింగ్ పిన్ను లోపట కూడ ఉంటది. చల్లటి బ్యాటరీని వెచ్చని ఇంట్లకు తెచ్చినా గంతే, చల్లటి చెంబు మీద చెమట పట్టినట్టు పడుతది. పొడిబట్టతోని తుడిచి, ఒక గంట ఆగి పెట్టుకోవాలె. నిలబెట్టిన బండి మీద పరదా కప్పితె మంచిదే. నేను వద్దనేది చార్జింగ్‌ల ఉన్నప్పుడు కప్పుడు.

ఇంకొక పెద్ద పొరపాటు మన రైతులే ఎక్కువ చేస్తరు, నేను గూడ చేసిన. మనకు ట్రాక్టర్ బ్యాటరీ తెలుసు. ముప్పై ఏండ్లు దాన్ని చూసినం. నీళ్లు పోస్తం, టర్మినళ్లకు గ్రీజు రాస్తం. నిండ చార్జింగ్ ఉంచితెనే బతుకుతది, ఖాళీగ పెడితె లోపల పలకలకు తెల్లగ పట్టి చస్తది. అది సీసం బ్యాటరీ. తక్కువ ధర కరెంటు స్కూటర్లల్ల ఇప్పటికి కొన్నిట్ల సీసందే వస్తది, వాటికి పాత పద్ధతే కరెక్టు, వాడినా వాడకున్నా నిండుగ ఉంచాలె. చలికి అది గూడ తగ్గుతది, అందుకే ట్రాక్టర్ పొద్దుగాల గుర్రు గుర్రుమని ఆగుతది. కాని లిథియందానికి ఆ లెక్క పనికిరాదు. దానికి నిండ కడుపు మీద నెలలకొద్ది పండుడు మంచిది కాదు, ఖాళీ కడుపు అంతకన్న మంచిది కాదు. రోజు వాడేటోళ్లు ఇరవై శాతానికి దిగకముందే పెట్టి, ఎనభై తొంభైకి తీస్తె ఎక్కువ ఏండ్లొస్తది. దూరం పోయే రోజు నిండ పెట్టుకోవచ్చు. ఎల్ఎఫ్‌పీ రకానికైతె అప్పుడప్పుడు వంద దాక ఎక్కియ్యాలె, లేకుంటె మీటరు శాతం తప్పు చూపిస్తది. పదిహేను రోజులు, నెల బండి తీయమనుకుంటె సగం చార్జింగ్‌తోని పెట్టాలె.

ఇది నాకు ఉత్తగ తెలవలె. రెండేండ్ల కింద బిడ్డ కాన్పు అయితె మేమిద్దరం నెల దినాలు వాళ్ల ఊర్ల ఉన్నం. పోయే తొందరల బండిని ఒక్క గీత మీద వదిలేసి పోయిన. బండి బంద్ ఉన్నా లోపలి బీఎంఎస్ అనే బోర్డు కొంచెం కొంచెం కరెంటు తింటనే ఉంటది. వచ్చి చూస్తె బ్యాటరీ లేవలే, చార్జర్ పెట్టినా పచ్చలైటు ఎర్రలైటు ఏది రాలే. షోరూంకు తీసుకపోతె "మీ నిర్లక్ష్యం, వారంటీ రాదు" అన్నరు. పుస్తకంల రాసి ఉన్నదట. పుస్తకం తీసి చూపిచ్చిండు, నిజంగనే ఉన్నది, ఇంగ్లీషుల, చీమ తలకాయంత అక్షరాలల్ల. ఇంటర్ చదివిన, కొంచెం చదవగలుగుత. కాని కొన్నరోజు ఆ ముక్క ఒక్కరు నోటితోని చెప్పలే. బండి తాళం చేతికిచ్చేటప్పుడు దండ వేసిండ్రు, కొబ్బరికాయ కొట్టిచ్చిండ్రు, ఫొటో దిగిండ్రు. ఆ ఐదు నిమిషాలల్ల రెండు ముక్కలు చెప్తె నా పైసలు మిగిలేటివి. ఆఖరికి వేరేకాడ ఒక మెకానిక్కు రెండు రోజులు కిందమీద పడి లేపిండు, కాని అప్పటి నుంచి పాత బలం లేదు.

అందుకే నేను గట్టిగ అనేదేందంటే, తెలుగు ఊర్లల్ల బండి అమ్మేటోడు తెలుగుల ఒక కాగితం ఇయ్యాలె. ఒక్క కాగితం. చలికి ఏం చేయాలె, ఎండకు ఏం చేయాలె, నెల దినాలు వాడకుంటె ఏం చేయాలె, ఏడ చార్జింగ్ పెట్టొద్దు. గంతే. మందు డబ్బా మీద తెలుగుల ఉంటది కదా, అరవై వేలు, లక్ష పెట్టి కొనే బండికి ఉండొద్దా? రైతు వేదికల మీటింగు పెట్టినప్పుడు ఒక అరగంట దీనికియ్యాలె. పత్తి ఇంట్లకొచ్చే ముందు, అక్టోబర్‌లనే.

ఇంకొకటి, బాయికాడ చార్జింగ్ పెట్టేటోళ్లకు. పత్తి ఏరే రోజులల్ల పొద్దంత చేన్లనే ఉంటం, మోటర్ స్టార్టర్ డబ్బల నుంచి ఒక ఫేజు గుంజి, రెండో వైరు భూమిల గుచ్చి చార్జర్ పెడుతున్నరు. ఇది చలికి సంబంధం లేని మాట, కాని చెప్పక తప్పది. మోటర్ ఎత్తుకున్నప్పుడల్ల ఓల్టేజి పడుతది లేస్తది, చార్జర్ కాలుతది. చార్జర్ పోతె పోయింది, తడి నేల మీద ఆ వైరు ముట్టినోని ప్రాణం పోతది. నాలుగు కిలోమీటర్లు తక్కువ తిరుగుండ్రి, ఇంటికొచ్చి పెట్టుకోండ్రి.

ఇంత పంచాయితి ఎందుకు, పెట్రోలు బండే నయం అని చలిమంట కాడ ఒక పెద్దమనిషి అన్నడు. ఆయన బండి అదే పొద్దున చోక్ గుంజి పదిహేను కిక్కులు కొడితె లేసింది, అది నేను లెక్కపెట్టిన. మన కన్న పది రెట్ల చలుండే నార్వే దేశంల 2024ల అమ్మిన కొత్త కార్లల్ల పదిట్ల దగ్గర దగ్గర తొమ్మిది కరెంటువే. చలికి బ్యాటరీలు చచ్చేదుంటె వాళ్లు కొనేటోళ్లా? నా బండికి రెండు మూడు యూనిట్లతోని రోజు గడుస్తది. పెట్రోలు బండికి మళ్ల పోయే ఆలోచన నాకైతె లేదు.

ఆ పిల్లగాని సంగతి అడుగుతరని తెలుసు. సోమవారం మా ఇద్దరం కలిసి వాళ్ల అరుగు మీద ఒక బోర్డు బిగించినం. వైరు, స్విచ్చు, మంచి ప్లగ్గు, ఎర్తింగ్ తీగ, అంత కలిపి ఆరువందల లోపలనే అయింది. ఇప్పుడు సాయంత్రం రాంగనే పెడుతున్నడు, తొమ్మిదికల్ల తీస్తున్నడు. పొద్దున మంట కాడ అడిగితె, కిలోమీటర్లు పెద్దగ పెరగలే కాకా అన్నడు. పెరగవురా, చలి కదా అన్న. పత్తి ఇంక అర్రలనే ఉన్నది, వాళ్లకు వచ్చే వారం దొరికింది స్లాట్.